నేరం రుజువైంది అన్నాక ఏం మాట్లాడాలి? నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, నేను కొట్టాను. కోర్టులో మాత్రం ఐదేళ్ళు కొట్టలేదనే అన్నాను. 313 సెక్షన్ కింద మెజిస్ట్రేట్ ఒక్కొక్క సాక్షి చెప్పింది చదివి వినిపించి దీనికేమంటారు అని అడిగినప్పుడల్లా, వకీలు నేర్పించినట్టే "అబద్ధం" అంటూ పోయాను. దెబ్బ తిన్నది బయటివాడు కాదు, మా చిన్నాయన కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద, అన్న వరుస. 2017 జూన్‌లో, వాన పడి ఊరంతా శెనక్కాయలు విత్తుకుంటున్న రోజుల్లో, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న బోరు దగ్గర గేట్ వాల్వు ఎవరు తిప్పాలి అనే మాట మీద మొదలైంది. మాటకు మాట పెరిగి, మధ్యలో చచ్చిపోయిన మా అబ్బ పేరు కూడా వచ్చి, చేతిలో ఉన్న పార తిప్పి తలమీద వేశాను. పార వెనక వైపు తగిలింది కాబట్టి ఆరు కుట్లతో పోయింది, మొన తగిలుంటే ఇది రాయడానికి నేను బయట ఉండేవాణ్ణి కాదు.

ఆ బోరు 2018 ఎండాకాలానికే ఎండిపోయింది. కేసు మాత్రం 2022 దాకా పారింది.

ఊరి పేరు రాయను, అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలున్న ఒక మండలం అనుకోండి. టౌన్లో నాకు మోటారు వైండింగ్ షాపుంది. ఇట్లాంటి కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు షాపుకు వస్తుంటారు, అందరూ అడిగేది ఒకటే, "కొట్టేస్తారా అన్నా?" నేనూ ఐదేళ్ళు అదే అడిగాను. కొట్టేయకపోతే ఏంటి అని ఒక్కరోజు కూడా అడగలేదు, వకీలు చెప్పనూ లేదు. అందుకే ఇది రాస్తున్నా.

ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన గాయాల సర్టిఫికెట్‌లో "సాధారణ గాయం" అని ఉంది. ఆ ఒక్క మాట ఖరీదు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అదే ఆయుధంతో ఎముక విరిగుంటే 326, దానికి యావజ్జీవం దాకా ఉంది. నా మీద పడింది పాత ఐపీసీ 324, మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బెదిరించానని 506 కూడా కలిపారు, అది చివర్లో నిలవలేదు. ఊర్లో పెద్దమనుషులు 2018లోనే కూర్చోబెట్టారు, అన్న కూడా మెత్తబడ్డాడు. కానీ వకీలు, ఆయుధం లేని మామూలు దెబ్బల 323 అయితే ఇద్దరూ వచ్చి రాజీ అని చెప్పుకుంటే సరిపోయేది, 324కి అట్లా కుదరదు, హైకోర్టుకు పోయి కేసు కొట్టేయించుకోవాలి అన్నాడు. అప్పుడు హైకోర్టు హైదరాబాదులో ఉంది. రానుపోను ఖర్చు, అక్కడి వకీలు ఫీజు లెక్కేసుకుని ఇద్దరం వెనక్కి తగ్గాం. అన్న ఆ తర్వాత మళ్ళీ గట్టిపడ్డాడు.

వాయిదాల గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. షాపు డైరీలో వెనక పేజీలో రాసుకునేవాణ్ణి. వకీలుకు మొత్తం 45 వేలు, అది కాక వాయిదాకింత అని చిల్లర, బస్సులు, షాపు మూసిన రోజులు. 2019లో చీనీ కాయ లోడు ఎత్తే హడావుడిలో ఒక వాయిదా మర్చిపోయాను, గైర్హాజరు పిటిషన్ కూడా వేయలేదు, నాన్ బెయిలబుల్ వారెంట్ వచ్చేసింది. దాన్ని రీకాల్ చేయించుకోవడానికి పడిన టెన్షన్ పార ఎత్తిన రోజు కూడా పడలేదు. 2020లో కరోనా వచ్చి కోర్టు ఎప్పుడు తెరుస్తారో తెలియక, వాయిదా తేదీ కోసం ఫోన్లో చూసుకుంటూ కూర్చున్నాం.

తీర్పు 2022 ఆగస్టులో. పొద్దున పదిన్నరకు పోయాను. మెజిస్ట్రేట్ మేడమ్ చిన్న వయసు, నెమ్మదిగా మాట్లాడుతుంది. నాకంటే ముందు చిన్న కేసులు పిలిచారు. తాగి బండి నడిపిన ఒకతను తప్పు ఒప్పుకున్నాడు, జరిమానా అన్నారు, పక్కకు పోయి డబ్బులు కట్టి రసీదు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంకొక పెద్దాయనకు ఏదో పాత పెట్టీ కేసులో జరిమానాతో పాటు "కోర్టు లేచే వరకు" శిక్ష అన్నారు. నాకు అర్థం కాక పక్కనున్న కోర్టు కానిస్టేబుల్‌ను అడిగితే, సాయంత్రం మేడమ్ బెంచీ దిగేదాకా ఈ హాల్లో కూర్చోవాలి, అదే ఆయన జైలు అన్నాడు. ఆ పెద్దాయన వెనక గోడకు ఆనుకుని కూర్చుని, కాసేపటికి కునుకు తీశాడు. నిజం చెప్పాలంటే నాకు ఆయన్ని చూసి అసూయ పుట్టింది.

పన్నెండు గంటలకు నా నంబరు పిలిచారు. తీర్పు చదువుతుంటే 506 రుజువు కాలేదు అన్నంతవరకూ వినపడింది, లోపల ఏదో తేలికైంది, ఆ వెంటనే "324 కింద నేరం రుజువైంది" అన్నారు. తర్వాత మేడమ్ తల ఎత్తి నా వైపే చూసి అడిగారు, "శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటారా?"

నేను వకీలు వైపు చూశాను. వకీలు ఫైలు వైపు చూశాడు.

దోషి అని తేల్చడం ఒకటి, ఏం శిక్ష వేయాలి అనేది ఇంకొకటి, రెండోదానికి మళ్ళీ వేరేగా మన మాట వింటారు అని నాకు అప్పుడే తెలిసింది. వారెంటు కేసుల్లో, అంటే రెండేళ్ళు దాటి జైలు పడగల నేరాల్లో, అట్లా వినకుండా శిక్ష వేయకూడదు అని చట్టమే చెబుతుందంట. మా వకీలు లేచి "భార్యాపిల్లలున్నారు, ముసలి తల్లి ఉంది, దయచూపాలి" అన్నాడు. ఐదేళ్ళకు 45 వేలు తీసుకున్న మనిషి, శిక్ష మీద మాట్లాడింది అంతే. ప్రభుత్వం తరఫు ఏపీపీ లేచి, తలమీద పారతో కొట్టడం చిన్న విషయం కాదు, గట్టి శిక్ష వేయాలి అన్నాడు. ఆయన చెప్పింది తప్పు కూడా కాదు.

ఆ రోజు నన్ను కాపాడింది వకీలు ఆఫీసులో పనిచేసే జూనియర్ అమ్మాయి. వెనక నుంచి వచ్చి సీనియర్ చెవిలో ఏదో చెప్పింది. ఆయన కొంచెం చిరాకుగానే "ప్రొబేషన్ కోసం పిటిషన్ వేసుకుంటాం మేడమ్" అన్నాడు. భోజనం తర్వాత చూద్దాం అన్నారు మేడమ్.

ఆ రెండు గంటలు నేను జన్మలో మర్చిపోను. అప్పటికి నేను ముద్దాయిని కాదు, దోషిని. టీ తాగి వస్తానంటే కానిస్టేబుల్ వద్దన్నాడు, తనే తెప్పించాడు. ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు చెప్పాను, ఆధార్, రేషన్ కార్డు, పొలం పాస్‌బుక్, అమ్మకు పక్షవాతం వచ్చినప్పటి ఆస్పత్రి చీటీలు, ఏది దొరికితే అది తీసుకుని వచ్చేయ్ అని. వెనక నుంచి మా అమ్మ గొంతు వినపడుతోంది, "రెడ్డిపల్లికి పంపిస్తారంటనా?" బుక్కరాయసముద్రం దగ్గర రెడ్డిపల్లిలో ఖైదీలు వ్యవసాయం చేసే ఓపెన్ ఎయిర్ జైలు ఉంది కదా, మా వైపు ముసలోళ్ళకు జైలంటే అదే, పొలం పని చేయిస్తారు, అన్నం పెడతారు అని ఒక ధైర్యం. కానిస్టేబుల్ నవ్వి, అది ఏళ్ళ తరబడి శిక్ష పడి, లోపల బాగా నడుచుకున్నోళ్ళకప్పా, నీకు ఆడ సీటు లేదు అన్నాడు. తర్వాత నా మొహం చూసి జాలిపడి ఇంకొక మాట చెప్పాడు. మూడేళ్ళు దాటని శిక్ష వేస్తే, అప్పీలుకు పోతామని చెప్పుకుంటే ఈ కోర్టే శిక్ష ఆపి బెయిలు ఇస్తుంది, సెషన్స్ కోర్టుకు పోవడానికి 30 రోజులు టైముంటుంది, కాబట్టి ఈ పొద్దు రాత్రికి నువ్వు ఇంట్లోనే పడుకుంటావులే అని. ఈ ముక్క ఐదేళ్ళలో వకీలు ఒక్కసారి చెప్పి ఉంటే నేను ఎన్ని రాత్రులు నిద్రపోయేవాణ్ణో.

జూనియర్ అమ్మాయి వరండాలో బల్ల మీద కూర్చుని పిటిషన్ చేత్తో రాసింది. రాస్తూనే నాకు చెప్పింది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం అని ఒకటుంది. ఉరిశిక్షో యావజ్జీవమో పడేంత నేరం కాకపోతే, మనిషి గుణగణాలు, నేరం జరిగిన తీరు చూసి, జైలు శిక్ష వేయకుండా బాండు రాయించుకుని వదిలేయొచ్చు. ఇంకా చిన్నవాటికి మూడో సెక్షన్ కింద మందలించి పంపేయడం కూడా ఉంది. ఇట్లా వదిలే వీలున్న కేసులో వదలకుండా శిక్ష వేస్తే, ఎందుకు వదలలేదో మెజిస్ట్రేట్ తీర్పులో కారణం రాయాలి. "అంటే మనం అడుక్కోవడం కాదన్నా, వాళ్ళు చూడాల్సిందే, కానీ మనం కాగితం పెట్టకపోతే వాళ్ళ దగ్గర చూడ్డానికి ఏముంటుంది?" అంది. కేసు మొదట్లో నేను ఈ అమ్మాయిని జిరాక్సులు తెచ్చే పిల్ల అనుకున్నాను.

మధ్యాహ్నం మేడమ్ పిటిషన్ చదివారు. ఇంతకుముందు కేసులున్నాయా, ఏం పని చేస్తారు, ఫిర్యాది ఇల్లు మీ ఇంటికి ఎంత దూరం, ఆ బోరు ఇప్పుడెవరు వాడుతున్నారు అని నన్నే అడిగారు. బోరు ఎండిపోయింది మేడమ్ అన్నాను. ఆమె ఒక్క క్షణం పెన్ను ఆపారు. ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు రావాలి అని మూడు వారాలకు వాయిదా వేశారు, అంతవరకు బెయిలు మీదే ఉండమన్నారు.

ప్రొబేషన్ ఆఫీసర్ రిటైర్మెంట్‌కు దగ్గరున్న మనిషి. అనంతపురం నుంచి పల్లెవెలుగు బస్సులో దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చారు. పోలీసు విచారణలాగా ఉంటుందని ఇంటిల్లిపాదీ బిగుసుకుని కూర్చున్నాం. ఆయన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ముందు పిల్లల చదువులు అడిగారు. తర్వాత నన్ను బయటకు పొమ్మని నా భార్యతో మాట్లాడారు. కోపమొస్తే ఇంట్లో ఏం చేస్తాడమ్మా అని అడిగారంట. "గిన్నెలు విసిరేస్తాడు సార్, మనుషుల జోలికి రాడు" అందంట ఈవిడ. తర్వాత రిపోర్టు కాపీలో ఆ గిన్నెల సంగతి నిజంగానే ఉంది.

అక్కణ్నుంచి ఆయన రెండు వీధుల అవతల మా అన్న ఇంటికి పోయారు. గంటసేపు రాలేదు. నేను సందు చివర నిలబడి ఆ గుమ్మం ముందున్న చెప్పులనే చూస్తున్నా. తిరిగి వచ్చి నన్నొక ప్రశ్న అడిగారు, "మీ అన్నకు ఆస్పత్రికి ఎంత ఖర్చయిందో తెలుసా?"

తెలియదు సార్ అన్నాను.

27,400 అన్నారు. అనంతపురంలో తీయించిన స్కానింగు, మందులు, రెండుసార్లు ఆటో కిరాయి సహా. మా అన్న ఆ బిల్లులన్నీ 2017 నుంచి ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచుకున్నాడంట, ఎవరైనా అడుగుతారేమోనని. పోలీసులు అడగలేదు. కోర్టులో సాక్ష్యం చెప్పినప్పుడు కూడా ఎవరు కొట్టారు, దేంతో కొట్టారు, ఎక్కడ తగిలింది, అప్పుడు వెలుతురు ఉందా అని అడిగారే కానీ, నీకెంత పోయింది అని అడిగినోళ్ళు లేరు. మా వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగింది నువ్వు తాగి పడ్డావు కదా అని. నేను డైరీ వెనక పేజీలో రూపాయి రూపాయి రాసుకున్న ఐదేళ్ళు, రెండు వీధుల అవతల ఆయనా లెక్క దాచుకునే ఉన్నాడు.

సెప్టెంబర్‌లో ఆర్డర్ వచ్చింది. ప్రొబేషన్ చట్టం నాలుగో సెక్షన్ కింద, వెంటనే శిక్ష వేయకుండా, 20 వేల రూపాయల బాండు, అంతే మొత్తానికి ఒక జామీను. రెండేళ్ళు గొడవలకు పోకుండా మంచి నడవడికతో ఉండాలి, ఈ లోపల పిలిస్తే వచ్చి శిక్ష తీసుకోవాలి. మొదటి సంవత్సరం ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణ, మందు ముట్టకూడదు, ఇల్లు మారితే చెప్పాలి. ఐదో సెక్షన్ కింద ఫిర్యాదికి 30 వేలు పరిహారం, కోర్టు ఖర్చుల కింద 2 వేలు, నెల రోజుల్లో కట్టాలి. కట్టకపోతే జరిమానా వసూలు చేసినట్టే వసూలు చేస్తారు, అంటే ఆస్తి జప్తు వారెంటు దాకా పోవచ్చు.

ఇక్కడ మా వకీలు ఒక మాట అన్నాడు, "జరిమానా వేసుంటే పదివేలకు మించేది కాదు, పరిహారం అనేసరికి 30 అయింది చూడు, అనవసరంగా ప్రొబేషన్ అడిగాం." నిజమే, పాత సీఆర్పీసీలో, అంటే కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టంలో, ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ వేయగలిగిన జరిమానా పదివేల వరకే, పరిహారానికి ఆ హద్దు లేదు. కానీ ఆ లెక్కలో ఆయన జైలును కలపలేదు. ఇంకొకటి, జరిమానా సర్కారు ఖజానాకు పోతుంది, కోర్టు ప్రత్యేకంగా చెబితేనే అందులో నుంచి దెబ్బ తిన్నవాళ్ళకు ఇస్తారు. పదివేలు సర్కారుకు కట్టి అన్న ఇంటి ముందు నుంచి రోజూ నడవడం కంటే ఇదే నయం అనిపించింది. అప్పుడు అనిపించలేదు లెండి, అప్పుడు నా భార్య గొలుసు బ్యాంకులో పెట్టాల్సి వచ్చిందనే బాధే ఉంది.

జామీనుకు మనిషి దొరకడమే అన్నిటికంటే కష్టమైంది. రెండేళ్ళు వీడు గొడవ పడడు అని ఎవరు రాసిస్తారు? బావమరిది కువైట్‌లో ఉన్నాడు, స్నేహితులు రేపు మాపు అన్నారు. చివరికి మా పెద్దనాయన పాస్‌బుక్ పట్టుకొని వచ్చాడు. ఆయన ఇద్దరికీ పెద్దనాయనే కదా. సంతకం పెట్టి కోర్టు మెట్లు దిగుతూ "ఒరేయ్, నువ్వు చెయ్యెత్తితే పోయేది నా చేను" అన్నాడు. బాండు కాగితంలో ఉన్న షరతులన్నిటికంటే ఆ మాటే నన్ను పట్టి ఉంచింది.

బాండు తప్పితే ఏమవుతుందో కూడా చదివాను. షరతు తప్పినట్టు తేలితే పాత నేరానికి అప్పుడు శిక్ష వేయొచ్చు, లేదా మొదటిసారి కాబట్టి పోనీలే అనుకుంటే 50 రూపాయలకు మించని జరిమానాతో బాండు కొనసాగించొచ్చు. యాభై రూపాయలు! 1958లో పెట్టింది అట్లాగే ఉంది. మందు షరతు మాత్రం నిజంగా కష్టం, మా వైపు పెళ్ళిళ్ళ సంగతి మీకు తెలుసు, ఒక సంవత్సరం పాటు నాకు షుగర్ వచ్చిందని చెప్పుకుంటూ తిరిగాను.

నెలకోసారి అనంతపురం పోయి ఆఫీసర్ దగ్గర సంతకం పెట్టి వచ్చేవాణ్ణి. డబ్బు కోర్టులో కట్టేశాను, కానీ మా అన్న తీసుకోలేదు. పరిహారం తక్కువైందని అప్పీలు చేసుకునే హక్కు దెబ్బ తిన్నవాళ్ళకు ఉంది, ఆయన అదీ చేయలేదు, ఇదీ తీసుకోలేదు. ఐదు నెలలయ్యాక ఒకరోజు వాళ్ళ మోటారు కాలిపోయి, టౌన్లో ఇంకెవరూ దొరక్క, నా షాపుకే పంపించాడు, కొడుకుతో. వైండింగ్ చేసి పంపాను, డబ్బు వద్దన్నాను. సాయంత్రం ఆయనే వచ్చి ఆ డబ్బు బల్ల మీద పెట్టి, "కోర్టులో దుడ్లు తీసుకునేకి నేను మళ్ళా పిటిషన్ వేయల్లంట, వకీలుకు మూడు వేలంట, ఇదేం న్యాయమప్పా" అన్నాడు. ఐదున్నరేళ్ళకు నాతో మాట్లాడిన మొదటి మాట అది. నేను జూనియర్ అమ్మాయి నంబర్ ఇచ్చాను. అవతలి పక్షం వకీలు ఆఫీసు నంబర్ అది, ఇవ్వకూడదేమో, ఆలోచించలేదు. ఆ అమ్మాయి తను వేయలేనని చెప్పి, ఉచితంగా చూసే న్యాయ సేవల కమిటీకి పంపిందంట. డబ్బు వచ్చింది.

2024 సెప్టెంబర్‌కు రెండేళ్ళు నిండాయి. ఈ ప్రొబేషన్ చట్టం కింద వదిలేసినవాళ్ళకు, శిక్ష పడ్డవాళ్ళకు వచ్చే అనర్హతలు అంటవు అని పన్నెండో సెక్షన్‌లో ఉంది. అలాగని నేరం రుజువు కాలేదని కాదు, ఎవరైనా అడిగితే రుజువైందనే చెప్పాలి. ఈ లోపల ఆ ఏడాది జులై నుంచి ఐపీసీ పోయి కొత్త చట్టం బీఎన్ఎస్ వచ్చింది, నా 324 అందులో 118(1) అయింది. శిక్షల జాబితాలో సమాజ సేవ అని కొత్తది చేర్చారు, కానీ అది ఐదువేల లోపు దొంగతనం, తాగి వీధిలో గొడవ చేయడం, పరువు నష్టం లాంటి కొన్నిటికే, మాలాంటి కొట్లాటలకు లేదు. ఉంటే బాగుండేది అని నా అభిప్రాయం, మా ఊరి చెరువు పూడిక నాతో తీయించి ఉండొచ్చు.

మొన్న వినాయక చవితి ముందు ఒక కుర్రోడు సబ్‌మెర్సిబుల్ మోటారు తెచ్చాడు. మాటల్లో తెలిసింది, వాడి మీదా గట్టు గొడవ కేసు, 14న తీర్పు, వకీలు కొట్టేస్తారని చెప్పాడంట. కొట్టేయకపోతే ఏం చెప్పుకుంటావు అని అడిగాను. ఏం చెప్పేది అన్నాడు. నేను చేతిలో పని ఆపి చెప్పాను, పాస్‌బుక్, ఇంట్లో ఎవరికైనా జబ్బుంటే ఆ చీటీలు, జామీనుకు ఒక మనిషి, ఇవన్నీ ఆ రోజే వెంట పెట్టుకుని పో, ప్రొబేషన్ పిటిషన్ ముందే రాసి పెట్టమని వకీలును అడుగు, అవతలాయనకు ఆస్పత్రికి ఎంతైందో కనుక్కో అని. వాడు నన్ను ఎగాదిగా చూసి, "శుభం పలకరా అంటే..." అని గొణుక్కుని, మోటారు సాయంత్రం తీసుకుంటానని వెళ్ళిపోయాడు. సాయంత్రం వాళ్ళ నాయన వచ్చి తీసుకుపోయాడు.